డబ్బా ఎడమ చేతికి

టామరాక్ సరస్సు,
జూన్ 20, 1978, మంగళవారం

మెరిన్‌కి,

మీ తాతయ్యని సరస్సు మింగలేదు. ముందు ఆ మాట సరిదిద్దుకో. నీ ఉత్తరంలో “తాతయ్యని పొట్టన పెట్టుకున్న ఆ రాయి” అని రాశావు. మీ తాతయ్య పోయింది పట్నంలో, మంగలి కుర్చీలో, సగం గడ్డం గీయించుకుని. మిగతా సగం ఆ మంగలి పాపం ఏడుస్తూనే గీసి పంపించాడు. నీళ్ల కింద దాగి ఉండే ఆ బిషప్ రాయి చేసిందల్లా 1956లో ఆయన భుజం ఎముక విరగ్గొట్టడం. నీకప్పుడు ఆరేళ్లు, పడవ ముందు బల్ల మీద కూర్చుని ఉన్నావు. ఆ రక్తం చూసి నీ బుర్రలో ఆయన్ని అప్పుడే చంపేసుకున్నట్టున్నావు. ఆ తర్వాత పదేళ్లు నీకు ఆదివారం ఆదివారం గోధుమ దోసెలు వేసిపెట్టింది మరి ఎవరనుకున్నావు?

ఆ తర్వాతే ఆయన ఆ రాయి పక్కన పడవలకి గుర్తుగా తెల్ల డబ్బా కట్టడం మొదలుపెట్టారు. బట్టలకు వాడే బ్లీచింగు నీళ్ల డబ్బా, ఖాళీ అయ్యాక. ఈ సరస్సు మీద ఎవరి కాటేజీకి ఎదురుగా ఉన్న రాయికి వాళ్లే కాపలా. ఇంకొకళ్ల రాయిని ముట్టుకోవడం ఇంకొకళ్ల పెరట్లో బట్టలు ఆరేయడం లాంటిది. కాబట్టి బిషప్ ఇప్పుడు నా బాధ్యత. మొన్న మే నెలలో నేనే వేశాను. తాతయ్య తాడు చివికిపోయింది, కొత్తది కొన్నాను. పసుపు రంగు నైలాను తాడు, చాలా బాగుంది. కాస్త పొడుగెక్కువే కానీ అంత మంచి తాడుని కోయడానికి చేతులు రాలేదు. ఒక కొస నీళ్ల అడుగున ఉన్న పాత ఇంజను దిమ్మకి, రెండో కొస డబ్బాకి. అరగంట పని. మీ తాతయ్య దీనికే ప్రతి మే నెలలోనూ ఆనకట్ట దగ్గర మట్టం చూసొచ్చి, సగం పొద్దు పడవలో కూర్చుని ముడులు వేసేవారు, విప్పేవారు, మళ్లీ వేసేవారు. ఇంట్లో ఉంటే కిటికీలు కడగమంటానని తెలుసు. ఆ తెలివి నాకు తెలియదనుకున్నారు.

ఈ ఏడు ఆనకట్ట మరమ్మతని నీళ్లు బాగా దించేశారు. మన రేవు మెట్లు ముసలాయన కింది పళ్లలా బయటికొచ్చేశాయి.

నువ్వు ఆగస్టులో టాన్సీని తీసుకొస్తానన్నావు. నాలుగేళ్ల పిల్లని నేనింకా చూడలేదంటే అది నా తప్పో నీ భయం తప్పో తర్వాత తేల్చుకుందాం. పెద్ద రేవు నుంచి వచ్చేటప్పుడు గుర్తు పెట్టుకోవలసింది ఒక్కటే: కుడి చేతికి పైన్ దీవి, ఎడమ చేతికి తెల్ల డబ్బా. మధ్యలోంచి రా. డబ్బాకి దగ్గరగా వచ్చినా ఫరవాలేదు, అది ఎడమకి ఉంటే చాలు.

మన కాటేజీల సంఘం పత్రిక ‘సరస్సు కబుర్లు’ ఈ ఏటి మొదటి సంచిక జతచేశాను. ఈసారి కూడా సంపాదకురాలు, రచయిత, అచ్చుతప్పులు దిద్దేది, తిట్లు తినేది అన్నీ నేనే. లైఫ్ జాకెట్లను కూర్చునే దిండ్లుగా వాడేవాళ్ల మీద రాసింది చదువు. ఇద్దరు నాతో మాట్లాడడం మానేశారు. ప్రాణానికి హాయిగా ఉంది.

అమ్మమ్మ

*

టొరంటో,
జూన్ 29

అమ్మమ్మకి,

సరే, తాతయ్య మంగలి కుర్చీలో పోయారు. ఒప్పుకున్నాను. కానీ నాకు గుర్తున్నది గుర్తున్నదే. ఆ శబ్దం. పడవ అడుగున ఎవరో పెద్ద కత్తితో గీరినట్టు. ఇప్పటికీ ట్రాము మలుపు తిరిగేటప్పుడు పట్టాలు కీచుమంటే నా చెయ్యి టాన్సీ చేతిని వెతుక్కుంటుంది. ఇన్నేళ్లు రాకపోవడానికి అదే కారణం, నీ మీద ప్రేమ లేక కాదు.

డెస్మండ్ ఒక పడవ కొన్నాడు, మోటారుది, పాతదే. “ఈ భయం దిగాలంటే అక్కడికే వెళ్లాలి” అంటాడు. అతను నదులు లేని ఊళ్లో పుట్టాడు, కాబట్టి ధైర్యం ఎక్కువ. నువ్వు చెప్పిన దారి కేలండరు కాగితం వెనక బొమ్మ వేసి ఇచ్చాను: దీవి కుడికి, డబ్బా ఎడమకి. టాన్సీ కూడా నేర్చుకుంది. స్నానం చేయిస్తుంటే తన సబ్బుడబ్బా నీళ్లలో వదిలి “ఎడమ చేతికి, ఎడమ చేతికి” అని పాట పాడుతోంది. ఏది ఎడమో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

ఆగస్టు ఐదు, శనివారం వస్తాం. వారం ఉంటాం. నువ్వు చెప్పినట్టే వస్తాను అమ్మమ్మా, ఒక్క అడుగు కూడా అటూ ఇటూ కాకుండా. అందుకే రాగలుగుతున్నాను.

మెరిన్

*

టామరాక్ సరస్సు,
జులై 18

మెరిన్‌కి,

చెడ్డ కబురు. నా దగ్గర్నుంచే వింటే మంచిది, పేపరులో చూస్తే నువ్వు ప్రయాణం మానేస్తావు.

శనివారం మధ్యాహ్నం లోర్న్ పెథరిక్ పడవ బిషప్ రాయి మీదికి ఎక్కింది. మన పక్క కాటేజీ లోర్న్, నా దగ్గర ఐదో తరగతి చదివినవాడు. అతనికి మోచేతులు గీరుకుపోయాయి, అంతే. భార్య ఆడ్రీ నీళ్లలో పడింది. లైఫ్ జాకెట్ వేసుకోలేదు. దాని మీద కూర్చుంది. తల రాయికి తగిలింది. ఆసుపత్రిలో ఉంది, ఇంకా కళ్లు తెరవలేదు.

మూడు రోజులుగా తూర్పు గాలి, వాన. నా మోకాళ్లు ఆ గాలిని రేడియో కంటే ముందే చెప్పాయి. ఆ తుంపరలోనే లోర్న్ నా వరండా మెట్ల మీదికొచ్చి నిలబడ్డాడు, తడిసి ముద్దయి.

“టీచర్, డబ్బా నా ఎడమకే ఉంది. ప్రమాణం చేసి చెప్తున్నా.”

“ఐదో తరగతిలో నీకు ఏ చెయ్యి ఎడమో తెలిసేది కాదు లోర్న్. నీ చేతి మీద సిరాతో రాసింది నేను.”

“ఇప్పుడు నాకు యాభై రెండేళ్లండీ.”

“ఎన్ని సీసాలు తాగావు?”

రెండు చేతులూ ముందుకు చాచి చూసుకున్నాడు, మళ్లీ ఎడమదేదో నేను చెప్పాలన్నట్టు. తర్వాత వెళ్లిపోయాడు.

నిన్న రెండో సంచిక వేశాను. అందులో ఇలా రాశాను: “బిషప్ రాయి దగ్గర జరిగిన ప్రమాదంలో డబ్బా తప్పేమీ లేదు. డబ్బా బీరు తాగదు. ఇరవై రెండేళ్లుగా ఉన్న చోటే ఉంది. పడవ నడిపేవారు కూడా అంత నిలకడగా ఉంటే సభ్యులందరూ క్షేమంగా ఇళ్లకు చేరతారు.” అరవై కాటేజీలకూ పోస్టు పడవలో వెళ్లింది. కటువుగా ఉందంటావని తెలుసు. ఆడ్రీ నాకు ప్రతి జూన్‌లోనూ స్ట్రాబెర్రీ జాము పంపే మనిషి. ఎవరి మీదో ఒకరి మీద కోపం తెచ్చుకోకపోతే నేను ఏడుస్తాను, ఆ పని నాకు అలవాటు లేదు.

నువ్వు భయపడకు. దారి అదే, డబ్బా అదే. టాన్సీకి లైఫ్ జాకెట్ కొనేటప్పుడు భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తి చూడు. గడ్డం దాటి పైకొస్తే అది జాకెట్ కాదు, బొమ్మ.

అమ్మమ్మ

*

టామరాక్ సరస్సు,
జులై 25

మెరిన్‌కి,

మీరు ఆగస్టు ఐదున పడవలో రావద్దు. ఈ ఏడు వీలుపడదు. సెప్టెంబరులో నేనే పట్నం వస్తాను, టాన్సీని అక్కడే చూస్తాను.

కారణం అడగకు. నా మాట విను, చాలు.

అమ్మమ్మ

*

టొరంటో,
జులై 28

అమ్మమ్మకి,

నీ నాలుగు ముక్కల ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను, వెనక్కి తిప్పి చూశాను, ఇంకేమైనా రాశావేమోనని. లేదు.

నీకు డెస్మండ్ అంటే మొదటి నుంచీ పడదు. పెళ్లిలో అతని బూట్ల గురించి నువ్వన్న మాట అతనికి ఇంకా గుర్తుంది. ఇప్పుడు మోటారు పడవ కొన్నాడనగానే అతనూ లోర్న్ పెథరిక్ లాంటి వాడే అనుకున్నావు, అవునా? అతను బీరు వాసన కూడా చూడడు. లేకపోతే నేను భయస్థురాలిని, పిల్లని సరిగ్గా చూసుకోలేనని అనుకుంటున్నావా? అలాగైతే ఆ మాటే రాయి. నువ్వు ఊళ్లో అందరికీ ముఖం మీదే చెప్తావే, నాకు మాత్రం ‘కారణం అడగకు’ ఏమిటి?

నీకు తెలియదు, నేను ఈ ప్రయాణానికి ఎలా సిద్ధపడ్డానో. ప్రతి శనివారం ముగ్గురం ఈతకొలను దగ్గరకి వెళ్తున్నాం. మొదటి వారం మెట్టు మీద కూర్చుని కాళ్లు తడుపుకోవడానికి నాకు గంట పట్టింది. మొన్న నడుము దాకా దిగాను. ఇప్పుడు వద్దంటే ఇంకెప్పుడూ రాలేను. అది నాకు తెలుసు.

అందుకని వస్తున్నాం. డెస్మండ్ స్నేహితుడికి కింది ఒడ్డున సొంత రేవు ఉంది, పడవ అక్కడ దింపుతాం, పెద్ద రేవు దాకా రానక్కర్లేదు. శనివారం మధ్యాహ్నానికి వచ్చేస్తాం. ముభావంగా ఉంటే ఉండు. ముద్ద మాత్రం పెడతావుగా. డబ్బాని ఎడమకి ఉంచుకునే వస్తాను, నీ మీద కోపం ఉన్నా సరే.

మెరిన్

*

టామరాక్ సరస్సు,
ఆగస్టు 1, మంగళవారం

మెరిన్, తల్లీ,

పోస్టు పడవ ఓర్విల్ మన రేవులోనే ఇంజను ఆపకుండా నిలబడి ఉన్నాడు. అతన్ని పది నిమిషాలు ఆపి రాస్తున్నాను. అక్షరాలు వంకర్లు పోతున్నాయి, క్షమించు.

పడవలో రావద్దు. డెస్మండ్ గురించి కాదు. అతని బూట్ల గురించి అసలే కాదు. తప్పు నాది.

పోయిన సోమవారం మళ్లీ తూర్పు గాలి వచ్చింది. వరండాలో కూర్చుని మీ తాతయ్య దుర్భిణితో రాయి వైపు చూశాను. ఒక తెల్ల పిట్ట నీళ్ల మీద ఉంది. తేలడం లేదు మెరిన్, నిలబడి ఉంది. కాళ్లు కనిపిస్తున్నాయి. దాని కాళ్ల కింద బిషప్ రాయి. డబ్బా దానికి అవతల ఉంది. అవతల, ఇరవై అడుగుల దూరాన, రాయి దాటి.

నీళ్లు దిగిపోయాయి, తాడు మాత్రం అంతే పొడుగుంది. పడమటి గాలికి డబ్బా ఇటు లోతు వైపు కొట్టుకొచ్చేది, ఎవరికీ ఏమీ కాలేదు. తూర్పు గాలికి అటు, రాయి మీదుగా వెళ్లిపోయింది. మీ తాతయ్య మే నెలలో కూర్చుని వేసిన ముడులు అందుకు. తాడుని నీటి మట్టానికి తగ్గించడానికి. ఇరవై రెండేళ్లు నా కళ్ల ముందు చేశారు, నేను కిటికీల గురించి ఆలోచించాను.

లోర్న్ డబ్బాని ఎడమకే ఉంచుకున్నాడు. నేను పెట్టిన డబ్బాని. నీకు నేను రాసి పంపిన మాట కూడా అదే.

పోయిన మంగళవారం నీకిదంతా రాయాలని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. ఆడ్రీ ఇంకా కళ్లు తెరవలేదు, నేను రాసిన సంచిక అరవై ఇళ్లలో ఉంది. ‘కారణం అడగకు’ అని రాశాను. అలా రాస్తే వింటావనుకున్నాను, బళ్లో పిల్లలు విన్నట్టు.

ఇంకా ఉంది. గురువారం నేనే పడవ వేసుకెళ్లి ఆ తాడు బిగించబోయాను. రాతి అంచుకి ఒరుసుకుని అప్పటికే సగం తెగి ఉంది, నా చేతిలో పుటుక్కుమంది. డబ్బా కొట్టుకుపోయింది, ఎటు వెళ్లిందో తెలియదు. ఇప్పుడక్కడ ఏ గుర్తూ లేదు. రాతికి పైన బెత్తెడు నీళ్లు. తాడు తెగిందని ఓర్విల్‌కి చెప్పాను, శుక్రవారం లంగరు తెస్తానన్నాడు. పెద్ద రేవులో బోర్డు మీద కాగితం అంటించమన్నాను. కానీ మీరు పెద్ద రేవుకి రావడం లేదని ఇప్పుడే నీ ఉత్తరంలో చదివాను.

ఓర్విల్ అంటున్నాడు, “టీచరుగారూ, సెలవుల వారం, ఈ ఉత్తరం శుక్రవారానికి చేరితే గొప్పే.” అతని నోట్లో దుమ్ము పడ.

దీవికి అవతలి వైపు నుంచి తిరిగి రండి. లేదా అసలు రావద్దు. టాన్సీని ఆ మధ్య దారిలోకి తేవద్దు. డబ్బా కనిపించినా నమ్మవద్దు.

అమ్మమ్మ

*

టొరంటో,
ఆగస్టు 14

అమ్మమ్మకి,

నిన్న సాయంత్రం ఇంటికి చేరాం. తలుపు తీయగానే వారం రోజుల పోస్టు కాళ్ల కింద పడి ఉంది. అన్నిటికంటే అడుగున నీ ఉత్తరం, ఆగస్టు ఒకటిది. మేం శనివారం పొద్దున్నే బయల్దేరాం, పోస్టు ఆ రోజు పదింటికొచ్చిందట, పక్కింటావిడ చెప్పింది.

నడవాలోనే పెట్టె మీద కూర్చుని చదివాను. డెస్మండ్ సామాన్లు దింపుతూ “ఏమైంది, ఎవరు పోయారు?” అన్నాడు. ఎవరూ పోలేదన్నాను. ఆ మాట అన్నాక వెళ్లి టాన్సీ మంచం పక్కన కూర్చున్నాను, ఇవాళ పొద్దుటి దాకా లేవలేదు.

ఇప్పుడు నేను చూసింది నీకు రాయాలి. ఎందుకంటే నువ్వు అటు నుంచి చూశావు, నేను ఇటు నుంచి.

తూర్పు గాలి. అలలు చిన్నవే కానీ నేను టాన్సీని రెండు కాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాను. దీవి మలుపు తిరగ్గానే డెస్మండ్ కేక వేశాడు, “అదిగో డబ్బా!” నిజంగానే ఉంది అమ్మమ్మా. దూరంగా, ఎడమ చేతికి, పడమటి ఒడ్డు రెల్లు పొదల్లో, తెల్లగా. టాన్సీ చప్పట్లు కొట్టి “ఎడమ చేతికి, ఎడమ చేతికి” అని పాట ఎత్తుకుంది. డెస్మండ్ నా బొమ్మ ప్రకారమే, డబ్బాకి దగ్గరగా ఉంటే మంచిదని, పడవని అటు తిప్పాడు. నేను తిప్పమన్నాను. నేనే.

అప్పుడు నువ్వు కనిపించావు.

ముందు మనిషి అనుకోలేదు. పసుపు రంగు గుడ్డ ఏదో అనుకున్నాను. తర్వాత కుర్చీ కనిపించింది. వంటింటి కుర్చీ, నీళ్ల మీద. దాని మీద తాతయ్య పసుపు వానకోటు వేసుకుని నువ్వు, చీలమండల దాకా నీళ్లలో కాళ్లు పెట్టుకుని, పక్కన తెడ్ల పడవని కాలికి కట్టుకుని. సరస్సు నడిమధ్యన. చేతిలో గేలం కర్ర పెట్టి గాలిని చితకబాదుతున్నావు.

“కుడికి! కుడికి అంటున్నాను! డెస్మండ్, అది కుడి చెయ్యి అవునా కాదా!”

అతను ఎవరికీ అంత తొందరగా లొంగడం నేను చూడలేదు. పడవ ఒరిగి తిరిగింది. నీ పక్క నుంచి పోతున్నప్పుడు నేను నీళ్లలోకి చూశాను. రాయి, గోధుమ రంగులో, నాచు పట్టి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. పడవ అడుగున శబ్దం కోసం ఎదురుచూశాను. రాలేదు.

“ఇక్కడేం చేస్తున్నారు?” అని డెస్మండ్ అడిగితే “చేపలు పడుతున్నాను, కనిపించడం లేదా” అన్నావు. గేలం కర్రకి ముల్లు లేదు. అతను ఇంటికెళ్లాక చూశాడు. మీ అమ్మమ్మకి మతి చెదిరింది, జాగ్రత్తగా చూసుకోవాలి అని నాకు చెప్పాడు. నేను కూడా అలాగే అనుకున్నాను. వారం పాటు నీ వెనకాలే తిరిగాను, పొయ్యి ఆర్పావో లేదో చూస్తూ.

ఏడు రోజులు బల్లకి అటు నువ్వు, ఇటు నేను. జామకాయంత పిల్ల నీ ఒళ్లో. నేనేం అనుకుంటానో అని నువ్వు నోరు విప్పలేదు. లోర్న్ పెథరిక్ కాటేజీ ముందు ‘అమ్మబడును’ బోర్డు రోజూ మన వరండా నుంచి కనిపించింది. అతను మెట్ల మీద ఒంటరిగా కూర్చుంటే “పాపం” అని నేనన్నాను. నువ్వు లేచి లోపలికి వెళ్లి గిన్నెలు కడిగావు, కడిగిన గిన్నెలే.

ఎన్ని గంటలు కూర్చున్నావు ఆ రాయి మీద?

నాకు నీ మీద కోపంగా ఉంది. ఎంత కోపమో, ఎంత ప్రేమో విడదీసి రాయలేను. కానీ అమ్మమ్మా, లోర్న్‌కి ఆ రెండూ అక్కర్లేదు. అతనికి నిజం కావాలి.

టాన్సీ వీధిలో అందరికీ చెప్తోంది, మా పెద్ద అమ్మమ్మ నీళ్ల మీద కూర్చుంటుందని.

మెరిన్

*

టామరాక్ సరస్సు,
ఆగస్టు 22, మంగళవారం

మెరిన్‌కి,

ఏడు గంటలు. ఉదయం ఏడింటి నుంచి రెండింటి దాకా. శుక్రవారం గాలికి ఓర్విల్ పడవ రాలేదు, లంగరూ రాలేదు; అతను తాత్కాలికంగా ఓ గుర్తు వేసింది సోమవారం. శనివారం తెల్లవారి లేచేసరికి ఆ రాయి దగ్గర పెట్టదగ్గ వస్తువు ఇంట్లో నేనొక్కదాన్నే కనిపించాను. కుర్చీ ఎందుకు తీసుకెళ్లానంటే డెబ్బై నాలుగేళ్లకి మోకాళ్లు నిలబడనివ్వవు. దారిన పోయే మూడు పడవలు “ఏమైనా పడ్డాయా టీచరుగారూ?” అని అడిగాయి. ముగ్గుర్నీ తిట్టి కుడికి పంపించాను. మతి చెదరలేదని డెస్మండ్‌కి చెప్పు. భయంతో మనిషి అలా కనిపిస్తుంది, నాకూ అప్పుడే తెలిసింది. మీ పడవ ఆ తెల్ల డబ్బా వైపు తిరిగినప్పుడు మొదటి కేక వేశాననుకున్నాను, వేయలేదు. నువ్వు విన్నది రెండోది.

నీ ఉత్తరం అందిన రోజునే లోర్న్ కాటేజీకి వెళ్లాను. వానకోటు వేసుకునే వెళ్లాను, వాన లేకపోయినా. అతను సామాను అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. చెప్పాను. మెట్టు మీద నిలబడే చెప్పాను, కూర్చోమనలేదు. ఒక పెట్టె మూత మూసి తాడు కట్టాడు.

“అంటే ఎడమకే ఉంది,” అన్నాడు చివరికి.

“ఎడమకే ఉంది లోర్న్. నువ్వు సరిగ్గానే చేశావు.”

“నెల రోజులుగా చెయ్యి చూసుకుంటున్నా టీచర్. తెడ్డు పట్టుకుంటే, చెంచా పట్టుకుంటే, ఇది ఎడమేనా అని.”

అచ్చు వేయబోయే దిద్దుబాటు అతని చేతికిచ్చాను. చదివి, “నేను తాగలేదని కూడా వేయండి” అన్నాడు. “ఎన్ని?” అన్నాను. “రెండు.” “అయితే రెండు అని వేస్తాను.” నవ్వలేదు. కానీ పెట్టె మీది తాడు విప్పి, లోపల్నుంచి ఇంకో కప్పు తీశాడు. టీ చల్లారి ఉంది. తాగాను.

“ఆడ్రీకి నేను చెప్పను,” అన్నాడు. “మీరే చెప్పండి.”

శుక్రవారం ఓర్విల్ పడవలో వెళ్లాను. ఆడ్రీ పదకొండో తేదీన కళ్లు తెరిచింది. ఆ మధ్యాహ్నం కబురు తెలిసినా నువ్వు వెళ్లేదాకా నీకు చెప్పలేదు, ఇదీ నా ఖాతాలో వేసుకో. ఎడమ చెయ్యి ఇంకా లేవడం లేదు. మాట నెమ్మదిగా వస్తోంది. నేను చెప్పిందంతా కిటికీ వైపు చూస్తూ విన్నది. తర్వాత అంది, “డబ్బా నేనూ చూశాను టీచర్. అందరూ అతన్ని అడిగారు. నేను లేచేదాకా ఎవరూ ఆగలేదు.” జాము సంగతి నేనే ఎత్తబోయాను, ఎత్తలేదు.

దిద్దుబాటు నిన్న అరవై ఇళ్లకూ వెళ్లింది. నకలు జతచేశాను. తిట్టిన సంచికలో ఎక్కడ వేశానో, అంత పెద్ద అక్షరాల్లో, అక్కడే వేశాను: “జులై సంచికలో బిషప్ రాయి ప్రమాదం గురించి రాసినది తప్పు. డబ్బా ఉండవలసిన చోట లేదు. దాని తాడు కొలవకుండా కట్టినది ఈ పత్రిక సంపాదకురాలు. పడవ నడిపిన లోర్న్ పెథరిక్ ఆ రోజు రెండు సీసాల బీరు తాగారు, డబ్బాని సరిగ్గా ఎడమకే ఉంచుకున్నారు. సభ్యులు తమ తమ రాళ్ల దగ్గరి తాళ్లను ఈ వారమే కొలుచుకోవలసిందిగా మనవి.” ఓర్విల్ చెప్పాడు, చీకటి పడేలోపలే పదిహేను మంది కొలిచారట. నలుగురివి పొడుగే. ఆ నలుగురూ నాకు చెప్పలేదు, ఓర్విల్‌కి చెప్పారు.

‘అమ్మబడును’ బోర్డు ఇంకా ఉంది. తీయమని అడిగే హక్కు నాకు లేదు. కానీ శనివారం లోర్న్ నన్ను పడవలో కూర్చోబెట్టుకుని బిషప్ దగ్గరికి తీసుకెళ్లాడు. నేను తెడ్లు పట్టాను, అతను తాడుకి రాయి కట్టి వదిలి లోతు కొలిచాడు, మూడుసార్లు. రెండుసార్లు చాలదా అన్నాను. “చాలదు” అన్నాడు. నోరు మూసుకున్నాను. ఈ సంగతి టాన్సీకి చెప్పు, నమ్మదు.

ఇప్పుడు నీకో పని. మీ వీధి చివర ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్లు. తుప్పు పట్టని సన్న గొలుసు కావాలి, పన్నెండున్నర అడుగులు. రెండు కొసలకీ బిగించే కొక్కేలు. లోర్న్ కొలత అది, నాది కాదు, కాబట్టి సరిగ్గా ఉంటుంది. కొట్టువాడిని నీ ఎదురుగా కొలవమను, ఇంటికి తెచ్చాక నువ్వు మళ్లీ కొలువు, తర్వాత డెస్మండ్‌ని కొలవమను. దాంతో పాటు బ్లీచింగు నీళ్ల డబ్బాలు రెండు, ఖాళీ చేసి, కడిగి, మూతలు బిగించి, అన్నీ ఒక పెట్టెలో పెట్టి శుక్రవారం పోస్టుకి అందేలా పంపించు. గొలుసు ఒక్క అంగుళం ఎక్కువున్నా అక్కడే కోయించు. అంత మంచి గొలుసు కదా అని ఆలోచించకు.

అమ్మమ్మ